తేల్చుకోని పిల్లలకు ఒక ఏడాది గడువు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల గురించి ఇలాంటి సభల్లో ఎప్పుడూ మాట్లాడుకుంటాం. కాలేజీలో చేరాలని ఉన్నా ఏం చదవాలో, ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని పిల్లల గురించి ఈరోజు చెప్పదలిచాం. బడిలో మేము చూసే పిల్లల్లో వాళ్లు తక్కువేమీ కాదు. కాకపోతే వాళ్లు బయటపడరు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో "నీ లక్ష్యం ఏమిటి?" అని ఉంటుంది. "తెలియదు" అని రాస్తే డబ్బు రాదేమోనని పక్కవాడిది చూసి "ఇంజనీర్" అని రాసేస్తారు. సీఈసీ చదువుతూ "డాక్టర్" అని రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు మనల్ని మోసం చేయాలని కాదు, భయపడి అలా రాస్తారు.

17 ఏళ్ల వయసులో తెలియకపోవడం వింత కాదు. నాన్న మెకానిక్, అమ్మ ఇంట్లో కుట్టుపని. ఆ ఇంటి పిల్లలు దగ్గరగా చూసిన ఉద్యోగాలు మూడో నాలుగో: డాక్టరు, టీచరు, పోలీసు, బ్యాంకు. ఆడిటర్ దగ్గర పని ఎలా ఉంటుందో, ఫిజియోథెరపిస్టు రోజంతా ఏం చేస్తారో వాళ్లకు చెప్పినవారు లేరు. పేరే వినని ఊరికి దారి ఎలా అడుగుతారు?

అబ్దుల్ కలాం గారిని తలుచుకోని సభ మనకు లేదు. ఆయన జీవితంలోని ఈ ముక్క మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. తిరుచ్చి సెయింట్ జోసెఫ్ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చదివారు. డిగ్రీ చేతికొచ్చాకే అది తన సబ్జెక్టు కాదని తెలిసిందని ఆత్మకథలో రాసుకున్నారు. అప్పుడు మద్రాసులోని ఎంఐటీలో సీటు వచ్చింది. అక్కడ కూడా మొదటి సంవత్సరం అయ్యాకే ఏరోనాటికల్ బ్రాంచి ఎంచుకున్నారు. ఆ కాలంలో సుమారు వెయ్యి రూపాయల ఫీజు కోసం అక్క జొహరా తన గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. తమ్ముడు దారి మార్చుకున్నాడని ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

మన దగ్గర జరుగుతున్నది వేరు. సాయం ఇంజనీరింగ్‌కే దొరుకుతుందని, లెక్కలంటే ఆసక్తి లేని కుర్రాణ్ని కూడా అందులోకి నెడతారు. మొదటి ఏడాదే సబ్జెక్టులు మిగిలిపోతాయి. రెండో ఏడాదికి ఫీజు బాకీ పడుతుంది. బాకీ తీరేదాకా సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీలూ ఉన్నాయి. ఇక అబ్బాయి షాపులో కూర్చుంటాడు, అమ్మాయికైతే సంబంధాలు మొదలవుతాయి. దాత ఇచ్చిన డబ్బు పోవడం ఒక నష్టం. "చదువు మనకు అచ్చిరాదు" అని ఆ ఇల్లు తీర్మానించుకుని తమ్ముణ్ని, చెల్లిని కూడా మాన్పించడం అంతకన్నా పెద్ద నష్టం.

అలాగని తేల్చుకోకుండా ఎంతకాలమైనా ఉండొచ్చని మేము అనడం లేదు. కొన్ని తలుపులు ముందే మూసుకుంటాయి. బయాలజీ చదవకపోతే నీట్ లేదు. ఎంపీసీ లేకపోతే ఇంజనీరింగ్‌లో ఎక్కువ బ్రాంచీలు లేవు. కాబట్టి పదో తరగతి అయిన వెంటనే ఈ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడాలి. అయితే తెరిచి ఉండే తలుపులు చాలామందికి తెలియవు. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ, బైపీసీ వాళ్లూ వెళ్లొచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఏ డిగ్రీ అయినా సరే, పూర్తిచేస్తే లాసెట్‌తో మూడేళ్ల లా, ఐసెట్‌తో ఎంబీఏ చేయొచ్చు. గ్రూప్-2, సివిల్స్ రాయొచ్చు. బీఏ, బీకాం చేరిన పిల్లవాడు దారి తప్పినట్టు కాదు, ఆలోచించుకోవడానికి మూడేళ్లు సంపాదించుకున్నట్టు.

అందుకే దాతలను నాలుగు విషయాలు కోరుతున్నాం.

ఒకటి, "ఇంకా తేల్చుకోలేదు" అనే జవాబును కూడా దరఖాస్తులో ఒప్పుకుందాం.

రెండు, అలాంటి పిల్లలకు మొదటి ఏడాది ఫీజు ఇద్దాం. షరతు లక్ష్యం మీద కాకుండా హాజరు మీద, పరీక్షలు పాసవడం మీద పెడదాం. ఏడాది చివర ఏ దారిలో వెళ్తారో వాళ్లు వచ్చి చెప్పాలి.

మూడు, మంచి కారణంతో కోర్సు మారితే సాయం ఆపవద్దు.

నాలుగు, డబ్బుతోపాటు నెలకు ఒక ఆదివారం ఇవ్వండి. మీలో వ్యాపారులున్నారు, లాయర్లున్నారు, నర్సులున్నారు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారున్నారు. మీ పని ఎలా ఉంటుందో, ఎంత జీతమో, ఏం చదివితే వస్తుందో పిల్లలకు చెప్పండి. వీలైతే ఒక రోజు మీ షాపులోనో, ఆఫీసులోనో కూర్చోనివ్వండి. ముఖ్యంగా ఉద్యోగం చేస్తున్న మన ఆడపడుచులు రావాలి. వాళ్లను చూస్తే అమ్మాయిలకే కాదు, వాళ్ల అమ్మీ అబ్బాలకూ ధైర్యం వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు తెలియదంటే కోప్పడకండి. చిన్నాన్న కొడుకుతో పోల్చకండి. ఏ పని చేస్తున్నప్పుడు టైం మరిచిపోతున్నారో గమనించండి. అది మాకు చెప్పండి, మిగతాది కలిసి వెతుకుదాం.

మా వంతుగా, బడి వదిలి వెళ్లిన పిల్లలను మొదటి ఏడాదంతా ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత ఉపాధ్యాయులం తీసుకుంటాం. ఎవరు హాజరవుతున్నారు, ఎవరు వెనకబడ్డారు, ఎవరు ఏ దారి ఎంచుకున్నారు అన్న లెక్క వచ్చే ఏడాది ఇదే సభలో మీ ముందు పెడతాం, ఇన్‌షాఅల్లాహ్.