ఇంటిలో కట్టిన మోటారుబండి

గ్రామమున బండి కట్టించుట యెట్టి పనియో పెద్దలైన మీకు నేను చెప్ప నక్కఱలేదు. తుమ్మకఱ్ఱ కోయించి, నీడపట్టున ఆఱబెట్టి, మంచిదినము చూచి వడ్రంగిని పిలిపించి, ఆకులును పూటీలును చెక్కించి, కడపట ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి చక్రమున కెక్కించి నీళ్లు పోయించు వఱకు ఇంటియజమాని అచ్చటనే నిలిచి యుండెడివాడు. బండి సిద్ధమైన పిమ్మట ఏ కఱ్ఱ యెచ్చటిదో, ఏ చీల యెవరు కొట్టినదో ఆ యింటివారి కందఱకును తెలిసియుండెడిది. నేడు మనము మోటారుబండ్లు కొనుచున్నాము. తాళపుచెవి త్రిప్పి నడుపుచున్నాము. మూత క్రింద నేమున్నదో యెఱుగము. ఒక మోటారుబండిని, పూర్వము ఎడ్లబండి కట్టించినట్లే, ఇంటి కొట్టములో నాఱేండ్లు శ్రమపడి నేను కట్టుకొన్న వృత్తాంతమును ఈ దినమున మీకు మనవి చేయుదును.

ఇది జరిగినది మన దేశమున కాదు. నేను చాల యేండ్లుగా ఇంగ్లాండు దేశమున, కోవెంట్రీ నగరమునకు సమీపమున నివసించుచున్నాను. వృత్తిచే లెక్కలు వ్రాయువాడను. ఇనుపపని నాకు వంశపువృత్తియు కాదు, జీవనోపాధియు కాదు. అయినను ఆ దేశమున నావంటివా రెందఱో సెలవుదినములలో ఇంటి కొట్టమున కూర్చుండి కార్లు కట్టుకొనుచుందురు. వారు కట్టునవి తఱచుగా పూర్వపు స్పోర్ట్సు కార్ల నకళ్లు. స్పోర్ట్సు కారనగా బరువులు మోయుటకు గాని, ఇంటిల్లిపాది యెక్కుటకు గాని పనికివచ్చునది కాదు. ఇద్దఱు మాత్రమే కూర్చుండదగినది, తేలికైనది, మలుపులలో చుఱుకుగా తిరుగునది. పందెమునకు కట్టు తేలికబండికిని ధాన్యపుబండికిని గల భేదమే దీనికిని సాధారణపు కారునకును గలదు. ఇట్టి కార్లలో పేరుపొందినవి తయారైనది బహుకొద్ది. 1962లో పుట్టిన ఏ.సి. కోబ్రా అను కారు సుమారు వేయి మాత్రమే తయారైనది. వాని ధర నేడు సామాన్యుల కందదు. అందుచేత ఆసక్తి గలవారు నకలు చేసికొందురు.

నేను నకలు చేయ నెంచినది లోటస్ సెవెన్ అను కారును. దానిని కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరు 1957లో వెలువరించెను. బరువు తగ్గించుటయే వేగమునకు మార్గమని ఆయన సిద్ధాంతము. అందుచేత ఆ కారునకు తలుపులు లేవు, గట్టికప్పు లేదు, అలంకారము లేదు. ఆ కాలమున ఇంగ్లాండులో పూర్తిగా తయారైన కారు కొన్నచో కొనుగోలుపన్ను చెల్లింపవలసి యుండెను. విడిభాగములుగా కొని యింటిలో బిగించుకొన్నచో ఆ పన్ను లేదు. అయితే బిగించు విధానము తెలుపు పుస్తకమును భాగములతో జతచేయరాదట. అందుచేత కంపెనీవారు కారును విప్పు విధానము తెలుపు కాగితము నిచ్చిరనియు, కొన్నవారు దానిని కడపటి నుండి మొదటికి చదువుకొని బిగించుకొనిరనియు ఆ దేశమున నవ్వుచు చెప్పుకొందురు. 1973లో ఆ పన్ను పోయి వేఱొకటి వచ్చినది. ఆ యేటనే సెవెన్ కారును తయారుచేయు హక్కు కేటర్‌హామ్ అను కంపెనీకి సంక్రమించినది. 1996లో రాన్ ఛాంపియన్ అను నాయన, 250 పౌండ్లకే ఇట్టి కారును ఇంటిలో కట్టుకొనవచ్చునని ఒక పుస్తకము ప్రకటించెను. ఆ పుస్తకము పాతదొకటి నా చేతికి వచ్చుటయే నా కథకు మొదలు. 250 పౌండ్ల మాట నా విషయమున నెఱవేఱలేదు. కడపటికి నాలుగువేలు దాటినది. లెక్కలు వ్రాయువాడను గనుక ఈ సంగతి దాచుట భావ్యము కాదు.

2012 జనవరిలో పని ప్రారంభించితిని. మొదట చేయవలసినది వాహనపు అస్థిపంజరము; దానిని ఛాసిస్ అందురు. అంగుళము వెడల్పు గల చదరపు ఉక్కుగొట్టములను కొలతకు కోసి, సమమైన బల్లపై గీతలు గీసి పేర్చి, వెల్డింగుతో అతుకవలెను. ఆ గొట్టముల గోడ మందము 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. అంత పలుచని గొట్టములు ఇంజనును, ఇద్దఱు మనుష్యులను ఎట్లు మోయునని మీకు సందేహము కలుగవచ్చును. బలమంతయు అమరికలో నున్నది. నాలుగు కఱ్ఱలు చదరముగా కొట్టి మూలను నెట్టినచో అది వాలిపోవును. ఒక కఱ్ఱను ఐమూలగా వేసి కొట్టినచో కదలదు. పొలపు దడితలుపునకు ఐమూలబద్ద వేయుట యిందులకే గదా! ఈ కారు ఛాసిస్ అంతయు నట్టి త్రికోణముల కూర్పే.

ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు, బ్రేకులు మొదలగు వానికై ఒక పాత ఫోర్డ్ సియెర్రా కారును కొని విప్పితిని. పుస్తకకర్త చెప్పినది ఎస్కార్ట్ అను వేఱొక కారు. అది అప్పటికే అరుదై ప్రియమైనది. కారు మాఱుటచే వెనుకచక్రముల చేతులను ఛాసిస్‌కు బిగించు ఉక్కుపట్లను నేనే క్రొత్తగా చేసి అతుకవలసివచ్చెను. విప్పిన ప్రతి మఱకును చీటీ కట్టి డబ్బాలలో నుంచితిని. ఆ డబ్బాలు కొట్టము నిండి వంటయింటి అరలలోనికి ప్రవేశింపగా నా భార్య, “పప్పుడబ్బాకును మఱల డబ్బాకును గుర్తు వేఱుగా పెట్టుడు” అని మాత్రము చెప్పి యూరకుండెను. ఆమె యోర్పు లేనిదే ఈ కారు లేదు.

రెండేండ్లలో ఛాసిస్ పూర్తియైనది. దానికి రంగు వేసి, ప్రక్కలకు అల్యూమినియము రేకులు రివెట్లతో బిగించితిని. చూచినవారు మెచ్చుకొనిరి, నాకును కొంత గర్వము కలిగెను. ఆ వేసవిలో, అనగా 2014లో, మా తండ్రిగారు మమ్ము చూచుటకై గ్రామము నుండి వచ్చిరి. ఆయన జీవితమంతయు సేద్యము చేసినవారు. ప్రతి సాయంకాలమును కొట్టములో కుర్చీ వేసికొని కూర్చుండి నా పని చూచుచుండిరి. ఒకనాడు ఒక అతుకుపై వ్రేలు పెట్టి, “ఏమిరా, ఇది లోపల అతికినదా, పైన పూసినదా?” అని యడిగిరి.

“బాగుగనే అతికినది, నాన్నగారూ. ఎంత నున్నగా నున్నదో చూడుడు” అంటిని.

“నునుపు నేను చూచితిని లేరా. మన యూరి కమ్మరి పట్టా అతికిన పిమ్మట సమ్మెటతో నొకదెబ్బ కొట్టి చూపి గాని కూలి పుచ్చుకొనెడివాడు కాడు. నీవు కొట్టి చూచితివా?” అనిరి.

కొట్టి చూడలేదు. వెల్డింగు విషయమున నొక్కమాట చెప్పవలెను. యంత్రము నుండి సన్నని తీగ వచ్చుచుండును. విద్యుచ్ఛక్తిచే ఆ తీగ కరగి రెండు లోహముల మధ్య పడును. తీగతో పాటు ఆ లోహముల అంచులును కరగి ఏకమైనప్పుడే అది అతుకు. విద్యుత్తు చాలనప్పుడు తీగ మాత్రము కరగి చల్లని లోహముపై పేరుకొనును. పైకి అదియు అందముగనే యుండును. గోడపై పిడక నిలిచినట్లు నిలుచునే గాని గోడతో నేకము కాదు. నేను పని నేర్చుకొనుచుండిన మొదటి శీతకాలమున, గడ్డకట్టు చలిలో, గొట్టమునకు చిల్లి పడునను భయముచే విద్యుత్తు తగ్గించి అతికిన పట్లు పదునెనిమిది కలవు. అన్నియు వెనుకచక్రములను పట్టుకొనునవే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మఱునాడు ఒక రేకు తొలగించి, ఒక పట్టు సందున ఉలి పెట్టి సమ్మెటతో కొట్టితిని. మూడవదెబ్బకు పట్టు ఊడి నేలబడెను. దాని క్రింద గొట్టముపై, అతుకుటకు ముందు నేను ఆకురాయితో రుద్దిన గీతలు చెక్కుచెదరక మెఱయుచుండెను. అనగా అచ్చట లోహము కరగనే లేదు. రెండేండ్లు నేను చేసినది అతుకు కాదు, పూత.

సంగతి విన్న పొరుగింటి మిత్రుడు, “ఊడినదానిని మరల అతికి, తక్కినవానిపై మఱికొంత లోహము పోయుము. రేకుల వెనుకనున్న అతుకులను పరీక్షాధికారి కోసి చూడడు గదా” అనెను. ఆయన చెప్పినది నిజమే. ఆ దేశమున ఇంటిలో కట్టిన ప్రతి కారును రహదారిపైకి తెచ్చుటకు ముందు ప్రభుత్వాధికారి పరీక్షించును గాని, అతుకులను విఱిచి చూచుట ఆ పరీక్షలో లేదు. అప్పుడు నా కుమార్తెకు పదేండ్లు. కారు పూర్తియైననాడు ప్రక్క ఆసనమున మొదట తానే కూర్చుండవలెనని నావద్ద మాట తీసికొని, నెలకొకసారి వచ్చి ఆ ఖాళీస్థలమున కూర్చుండి కొలత చూచుకొనుచుండెడిది. గంటకు డెబ్బదిమైళ్ల వేగమున ఒక పట్టు ఊడినచో నేమగునో ఆలోచించుటకు నాకు అధికసమయము పట్టలేదు. ఆ బిడ్డయే కాదు, దారిన పోవువారును ఎవరి బిడ్డలో గదా!

రేకులన్నియు విప్పితిని. రంగు గీకితిని. పదునెనిమిది పట్లను కోసి పాఱవైచి, క్రొత్తవి చేసితిని. ఈసారి ప్రతి దినమును పని ప్రారంభించుటకు ముందు అట్టి గొట్టపుముక్కలనే రెండింటిని అతికి, పట్టుకారులో బిగించి, అతుకు విఱుగునో గొట్టము చినుగునో చూచుచుంటిని. గొట్టమే చినిగి అతుకు నిలిచిననాడు పని, లేనినాడు అభ్యాసము. మా తండ్రిగారు స్వదేశమునకు మరలు వఱకు ఆ విఱిచిన ముక్కలను తీసి పరీక్షించుట వారి పనియే. ఇట్లు పదునొకండు నెలలు గడిచినవి. ఆ కాలము నష్టమని నేను తలంపను. అంతకుముందు నేను పుస్తకము చూచి బొమ్మ చేసితిని. ఆ పిమ్మట బండి కట్టుట నేర్చుకొంటిని.

తక్కిన పని త్వరగనే సాగినది. 2018 మార్చిలో కారును ప్రభుత్వ పరీక్షకు తీసికొనిపోతిని. 2009 నుండి అచ్చట అమలులోనున్న ఆ పరీక్ష కఠినమైనది. బ్రేకు గట్టిగా త్రొక్కినచో ముందుచక్రములు వెనుకవానికంటె ముందుగా బిగియవలెను. వేగమును చూపు ముల్లు నిజమైన వేగముకంటె తక్కువ చూపరాదు. బాటసారి శరీరమునకు తగులగల అంచులు వాడిగా నుండక, కనీసము 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధముతో గుండ్రపడి యుండవలెను. స్టీరింగు త్రిప్పి విడిచినచో తనంతట తాను తిన్నదనమునకు మరలవలెను. ఈ కడపటి విషయమున నా కారు తప్పిపోయెను. తేలికబండ్లకు ఇది తఱచుగా కలుగు లోపము. ముందుచక్రముల వాలును సవరించి మేనెలలో మరల తీసికొనిపోగా నెగ్గినది. నా కారు భాగములు పలుచోట్లవి, పలు వయస్సులవి. అట్టి వాహనమునకు ఆ దేశమున ‘క్యూ’ అను అక్షరముతో ప్రారంభమగు సంఖ్య నిత్తురు. కొందఱు దానిని చిన్నతనముగా భావింతురు. నాకు మాత్రము అది న్యాయముగనే తోచినది. ఉన్నది ఉన్నట్లు చెప్పు సంఖ్య అది.

అసలు కంపెనీ ముద్రను ముందుభాగమున అంటించినచో చూచువారికి భేదము తెలియదని ఒకరు సలహా యిచ్చిరి. నేను అంగీకరింపలేదు. పూర్వము మన తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాసినవారు కవి వ్రాసినదానిని అక్షరము వెంట అక్షరముగా వ్రాయుచుండెడివారు. అది చౌర్యము కాదు. ఆ ప్రతులవలననే గ్రంథములు మనకు మిగిలినవి. కాని కవిపేరు కవికి విడిచి, వ్రాయసకాడు కడపట తన పేరును, వ్రాసి ముగించిన దినమును వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనెడివాడు. నేనును కారులోపల చిన్న అల్యూమినియము రేకుపై నా పేరును, 2012–2018 అను సంవత్సరములను చెక్కించితిని. ఆ ప్రక్కనే, ఆ నాడు మూడుదెబ్బల కూడిన ఉక్కుపట్టును మఱతో బిగించితిని. అదియే నా క్షమాపణ.

మొదటి దినమున నా కుమార్తె ప్రక్కన కూర్చుండినది. అప్పటికి దానికి పదునాలుగేండ్లు. కొలత చూచుకొన్న స్థలము ఇఱుకైపోయినది. అయిదుమైళ్లు పోవునప్పటికి వాన పట్టుకొన్నది. కప్పులేని కారులో ఇద్దఱమును నిలువున తడిసి ఇల్లు చేరితిమి. ఆ రాత్రి టెలిఫోనులో మా తండ్రిగారు కారు వేగమును గూర్చి యడుగలేదు. “వెనుకపట్లు చూచితివా?” అని యడిగిరి. చూచితిననియు, గట్టిగానున్న వనియు చెప్పితిని.

ఇది విని గ్రామములలోని యువకులు కార్లు కట్టి రహదారిపైకి తేవలెనని నా యభిప్రాయము కాదు. మన దేశమున 1988 నాటి మోటారువాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, కొన్న వాహనమునే తయారీదారు నిర్దేశమునకు భిన్నముగా మార్చుట సాధారణముగా నిషిద్ధము. 2019లో సుప్రీముకోర్టును ఈ సంగతినే స్పష్టపఱచినది. నా మనవి వేఱు. మీ యింటి పిల్లవాడు పాడైన నీటిపంపునో, పాత కుట్టుమిషనునో విప్పి ముందు వేసికొని కూర్చున్నచో, చెడగొట్టుచున్నాడని వెంటనే మందలింపకుడు. కుర్చీ వేసికొని ప్రక్కన కూర్చుండుడు. వాడు బిగించి, నున్నగా తుడిచి, గర్వముతో మీకు చూపునప్పుడు మా తండ్రిగారి ప్రశ్న నడుగుడు: “లోపల అతికినదా, పైన పూసినదా?”