దాచుకున్న అసూయ – ఒప్పుకున్న మనసు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు నెలలో మనకు రెండు సందర్భాలు దగ్గర దగ్గరగా వస్తాయి. పదిహేడో తేదీన పెన్షనర్ల దినోత్సవం, ఆ వెనుకే క్రిస్మస్. అందుచేత ఈసారి బైబిలు ఆధారంగా నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు నన్ను కోరారు. నేను పాస్టరును కాను, పండితుణ్ణీ కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. కనుక ఆఫీసుల్లో మనమందరం చూసిన విషయాన్నే తీసుకుంటాను. అది అసూయ. దాన్ని దాచుకుంటే ఏమవుతుంది, ఒప్పుకుంటే ఏమవుతుంది అన్నదే నా ప్రసంగం.

ముందుగా ఒక తేడా మనవి చేయాలి. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతవారికి మెరుగైన లెక్క అనడం సమానత్వానికి విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. ఆ కేసు వేసిన పెద్దలు, తరువాత రిటైరైనవారికి వచ్చింది తీసెయ్యమని అడగలేదు. మాకూ ఇవ్వండి అని అడిగారు. న్యాయం అడగడం అసూయ కాదు. అసూయ అడిగేది వేరు. నాకు రాకపోయినా ఫరవాలేదు, వాడికి మాత్రం రాకూడదు అంటుంది.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఏసుప్రభువు ఒక కథ చెప్పారు. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామునే కూలీలను పిలిచి రోజుకు ఒక దేనారం అని ఒప్పందం చేసుకున్నాడు. ఆ తరువాత కూడా విడతలు విడతలుగా మనుషుల్ని పిలిచాడు. చివరివాళ్లు పనిచేసింది ఒక్క గంట. సాయంత్రం అందరికీ ఒకటే కూలి ఇచ్చాడు. పొద్దుటినుంచీ ఎండలో పనిచేసినవాళ్లు సణిగారు. వాళ్ల కూలిలో పైసా తగ్గలేదు. ఒప్పుకున్నదంతా చేతికి ముట్టింది. పక్కవాడి చేతిలోది చూశాకనే తమ చేతిలోది చిన్నదైపోయింది. నేను మంచివాణ్ణయితే నీ కన్ను చెడ్డదవ్వాలా అన్న అర్థంలో యజమాని వాళ్లను అడుగుతాడు. మనం కూడా కన్నుకుట్టింది అంటాం కదా. అక్కడా ఇక్కడా దీన్ని కంటి జబ్బుగానే గుర్తించారు.

ఈ జబ్బు ఒక మతంవారిది కాదు. అరిషడ్వర్గాలలో చివరిది మాత్సర్యం. మయసభ చూసి వచ్చిన దుర్యోధనుడికి తన రాజ్యం రుచించలేదు. ఖురాన్‌లో ఫలఖ్ అనే సూరాలో అసూయపరుడి కీడు నుండి కాపాడమనే ప్రార్థన ఉంది. బైబిలులో మొదటి హత్యకు కారణం కయీనుకు తమ్ముడి మీద కలిగిన ఓర్వలేనితనమే.

ఇందులో ఒక విశేషం గమనించండి. కోపమొచ్చి నాలుగు మాటలన్నానని మనం చెప్పుకుంటాం. ఆశపడ్డానని కూడా చెప్పుకుంటాం. అసూయపడ్డానని మాత్రం ఎవరమూ చెప్పం. చెబితే అవతలివాడు నాకన్న ఎక్కువ అని ఒప్పుకున్నట్టే. అందుకే అది తన సొంత పేరుతో తిరగదు. రూల్సు అంటుంది, డిపార్టుమెంటు పరువు అంటుంది, ప్రజాధనం అంటుంది. చివరికి సంతకం లేకుండా ఆకాశరామన్న ఉత్తరమై పై అధికారి టేబిలు మీదకు చేరుతుంది.

నాకు తెలిసిన ఇద్దరి విషయం చెబుతాను. ఇద్దరి అనుమతితోనే చెబుతున్నాను. ఊరు, ఆఫీసు, పేర్లు చెప్పను. ఇద్దరూ ఒకే సెక్షన్‌లో పనిచేశారు. ఒకాయనకు ప్రమోషన్ ప్యానెల్‌లో పేరు వచ్చే సమయానికి ఒక ఊరూపేరూ లేని పిటిషను వెళ్లింది. ఛార్జి మెమో, ఎంక్వయిరీ అన్నీ జరిగాయి. ఆరోపణలు రుజువు కాలేదు. అయితే ప్యానెల్ సంవత్సరం దాటిపోయింది. జూనియర్లు ముందుకు వెళ్లారు. చివరి జీతం తగ్గింది, దాన్నిబట్టి పెన్షనూ తగ్గింది. ఒక కాగితం ముక్క నెలనెలా ఆ ఇంట్లో డబ్బు కోసింది.

రాసినాయన గుడికి మానలేదు. ప్రార్థనలూ మానలేదు. రిటైరయ్యాక తన పాస్టరుగారితో విషయం చెప్పుకున్నారు. పాస్టరుగారు ఒకటే అడిగారట: "ఆయనకు తెలుసా?" మరునాడే ఈయన వాళ్లింటికి వెళ్లారు. "ఆ పిటిషను రాసింది నేనేనండి. మీమీద ఓర్వలేక రాశాను" అన్నారు. రెండో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నమాట ఇది: "ఇన్నాళ్లూ నేను ఇంకొకాయన్ని అనుకున్నానండి. ఆయన పోయినప్పుడు చూడ్డానికి కూడా వెళ్లలేదు."

దాచిన పాపం దాచినచోట ఉండదని ఇంతకన్న ఏం నిదర్శనం కావాలి? దెబ్బ తిన్నది ఒకరైతే, నింద మోసింది మూడో మనిషి. ఏ పాపం ఎరగని ఆయన, స్నేహితుడు తనతో ఎందుకు మాట్లాడడం మానేశాడో తెలియకుండానే వెళ్లిపోయారు. తరువాత వీళ్లిద్దరూ కలిసి ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్లి, వారి శ్రీమతిగారికి సంగతి చెప్పి క్షమాపణ కోరారు. ఆమెకు చెప్పగలిగారు గానీ ఆయనకు చెప్పలేకపోయారు.

యోసేపు అన్నలదీ ఇదే కథ. తండ్రి ప్రేమను, ఆ రంగుల అంగీని చూసి ఓర్వలేక తమ్ముణ్ణి అమ్మేశారు. అంగీని మేకరక్తంలో ముంచి తండ్రికి చూపించారు. యోసేపుకు అప్పుడు పదిహేడేళ్లు. ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పై. ఏడేళ్లు పంటలు, రెండేళ్లు కరువు కలిపితే ఇరవై రెండేళ్లు. అంతకాలం ఆ ముసలితండ్రి లేని చావుకు ఏడ్చాడు. అన్నలు ఆయన ఎదుటే తిరుగుతూ నోరు విప్పలేదు. ఐగుప్తులో చిక్కు వచ్చినప్పుడు మాత్రం, ఇది మన తమ్ముడి ఉసురే అని తమలో తాము అనుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే వాళ్ల మనస్సాక్షి బయటపడింది.

1986 ఆగస్టు గోదావరి వరద చూసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. గట్టు మీద రాత్రి కాపలా ఉన్నవాడు అడుగున ఊట కనబడితే చూడనట్టు నడిచిపోడు. కేక వేస్తాడు, ఇసుక బస్తాలు వేయిస్తాడు. చిన్న ఊటే కదా అని ఊరుకుంటే గండి పడుతుంది. మనసులో ఊట విషయంలో మాత్రం మనం చెయ్యి అడ్డం పెట్టి దాస్తాం.

మన డెల్టాకు ఒప్పుకోలు అనే మాట కొత్త కాదు. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త పని చేశారు. 1845లో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలైంది. లూథరన్ ఆరాధనలో సభ అంతా కలిసి పాపపు ఒప్పుకోలు చెబుతుంది. బ్రదరెన్ కూడికల్లో రొట్టె విరిచే ముందు ఎవరికి వారు పరీక్షించుకోవాలి. కతోలికులకు పాపసంకీర్తనం ఉంది. విన్న గురువు దాన్ని ఎవరికీ చెప్పకూడదు. పద్ధతులు వేరైనా ఉద్దేశం ఒకటే. అయితే పదిమందితో కలిసి "నేను పాపిని" అనడం తేలిక. ఫలానా ఏట ఫలానా ఉత్తరం నేను రాశాను అనడమే కష్టం. మార్టిన్ లూథర్ తన చిన్న ప్రశ్నోత్తర గ్రంథంలో ఒప్పుకోలు గురించి చెబుతూ, నువ్వు తండ్రివా, కొడుకువా, యజమానివా, పనివాడివా చూసుకో, ఆ స్థానంలో ఏం తప్పు చేశావో చూడు అన్న భావం చెప్పాడు. మనం అయితే ఏ సీట్లో కూర్చుని ఏం చేశామో చూసుకోవాలి.

ఒప్పుకోవడానికి కూడా వివేకం కావాలి. అసూయ మనసులోనే ఉండి ఎవరికీ హాని చేయకపోతే, దాన్ని దేవుని ఎదుట, నమ్మకమైన ఒక పెద్ద ఎదుట చెప్పుకుంటే చాలు. "మిమ్మల్ని చూసి ఇరవై ఏళ్లు ఏడ్చానండి" అని వెళ్లి చెప్పి, ఆయన నిద్ర పాడుచేయనక్కరలేదు. చేత్తో చేసిన హాని మాత్రం హాని పొందినవాడికే చెప్పాలి. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలోని విధి ప్రకారం తప్పు ఒప్పుకుని, పోయినదానికి ఐదోవంతు కలిపి ఇవ్వాలి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. పోయిన ప్రమోషన్ ఇవాళ మనం తిరిగి ఇవ్వలేం. పోయిన మంచి పేరును మాత్రం నలుగురిలో నిజం చెప్పి తిరిగి ఇవ్వగలం. మన తప్పు చెప్పేటప్పుడు ఇంకొకరి గుట్టు బయటపెట్టకూడదు, క్షమించి తీరాలని పట్టుబట్టకూడదు. క్షమించడం అవతలివారి ఇష్టం.

రిటైరయ్యాక కుర్చీ పోయింది గానీ కన్నుకుట్టడం పోలేదు. ఇప్పుడు పోలిక పిల్లల ఉద్యోగాల మీద, కట్టిన మేడల మీద, చివరికి బీపీ షుగర్ల మీద. పక్కవాడి మేలు మనకు కూలి తగ్గించదని ఆ ద్రాక్షతోట కథ చెబుతోంది. వాళ్లబ్బాయికి మంచి జరిగిందని తెలిస్తే, ఆ రోజే వెళ్లి సంతోషమండీ అని పైకి చెప్పండి. మొదట నోటితో వచ్చినా, నెమ్మదిగా మనసులోకి వెళుతుంది.

ఏటా మనం బతికున్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మన పత్రికలో నివాళి పేజీ కూడా వస్తూ ఉంటుంది. ఎవరింటికైనా వెళ్లి చెప్పవలసిన మాట ఉంటే, ఆ పేరు ఆ పేజీలో పడకముందే వెళ్లి చెప్పండి. కొత్త సంవత్సరానికి అంతకన్న మంచి శుభాకాంక్ష నాకు తెలియదు.