అమ్మ మాత్రల డబ్బా
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి యాభై ఏళ్లంటే మన తొలి బ్యాచ్‌ల వాళ్లకు అరవై దాటినట్టే. పొద్దున టిఫిన్ల దగ్గర చూశాను. బడికి వచ్చేటప్పుడూ జేబుల్లో గోలీలే, ఇవాళా గోలీలే. అందుకే ఈ మాటలు చెప్పాలనిపించింది.

నేను ముప్పై ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను. వేలమందికి మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పాను. మా అమ్మ మాత్రల డబ్బా మాత్రం ఒక్కసారీ తెరిచి చూడలేదు.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లప్పుడు బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. కొన్నాళ్లకు పాదాలు వాచాయి. ఇంకోచోట చూపిస్తే, నీరు చేరిందని మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఇచ్చారు. దాన్ని ఆమె సాయంత్రం వేసుకునేది. "రాత్రికి నాలుగుసార్లు లేస్తా ఉండా, నిద్రే లేదు నాయనా" అంది. మరొకచోట నిద్రమాత్ర రాశారు. పగలంతా మగతగా ఉండేది, పాలమ్మాయి లెక్క తప్పేది. మేమంతా "వయసైంది కదా" అనుకున్నాం. ఒక రాత్రి బాత్‌రూమ్ గడప దగ్గర పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ తర్వాత ఒక డాక్టరు గారు "ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురండి" అన్నారు. బిస్కెట్ల డబ్బాలో పదకొండు రకాలు తేలాయి. అందులో రెండు, పేర్లు వేరైనా మందు ఒకటే. పాదాల వాపు నీటి జబ్బు కాదు, ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి వచ్చేదే. రక్తనాళాలు వెడల్పై ద్రవం చీలమండల దగ్గరకు చేరుతుంది. ఆ వాపుకు నీటి మాత్ర పెద్దగా పనిచేయదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు, దానికి మరొకటి. దీన్ని వైద్యంలో 'ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్' అంటారు. ఆయన ఒక్కొక్కటే తగ్గిస్తూ అయిదుకు తెచ్చారు. అమ్మ మాట, లెక్క మళ్లీ తేటపడ్డాయి. కర్ర లేకుండా నడవడం మాత్రం తిరిగి రాలేదు.

మన తడలో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. జ్వరానికి ఇక్కడ, సుగరుకు సూళ్లూరుపేట, గుండెకు లోకల్ ట్రైనెక్కి చెన్నై, పెద్ద జబ్బైతే తిరుపతి. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. డాక్టరు చెప్పేది తమిళంలో, చీటీ ఇంగ్లీషులో, ఇంట్లో మనం చెప్పుకునేది తెలుగులో. పైగా వయసు పెరిగేకొద్దీ మూత్రపిండాల పని తగ్గి, చాలా మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. నలభైలో సరిపోయిన మోతాదు డెబ్బై అయిదులో ఎక్కువ కావచ్చు. 1991లోనే మార్క్ బీర్స్ అనే అమెరికా డాక్టరు, ముసలివాళ్లకు పనికిరాని మందుల జాబితా తయారుచేశారు.

రోజూ చూసేవే మరి మూడు. కొన్ని సుగరు మాత్రలు వేసుకుని ఏకాదశి ఉపవాసముంటే చక్కెర పడిపోయి కళ్లు తిరగవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఒళ్లునొప్పుల మాత్రల్లో చాలావాటివల్ల బీపీ పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మత్తు తెప్పించే జలుబు మాత్రతో పెద్దవాళ్లు తికమకపడవచ్చు, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లకు మూత్రం బిగబట్టవచ్చు. ఇక పులికాట్ ఎండుచేపను నేను మానమనను. కానీ ఆ ఉప్పంతా తింటూ బీపీ తగ్గలేదని డాక్టరుకు చెబితే మాత్ర పెరుగుతుంది, అంతే.

1963లో సిడ్నీ కట్జ్ అనే డాక్టరు, పెద్దవాళ్ల ఆరోగ్యాన్ని కొలవడానికి ఆరు పనులు చూడమన్నారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం. మనం బీపీ ఎంత, సుగరు ఎంత అని అడుగుతాం. "స్నానం నువ్వే చేస్తున్నావా అమ్మా?" అని అడగం. కొత్త మాత్ర మొదలైన నెలలో ఈ ఆరింటిలో ఒకటి తడబడితే, వయసును అనేముందు మాత్రను అనుమానించండి.

అలాగని ఏదీ మీరే ఆపేయకండి. నిద్రమాత్ర, బీపీ, గుండె మాత్రల్లాంటివి ఉన్నట్టుండి మానితే ప్రమాదం. అన్ని మందులూ, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరుకు చూపించండి. "ఇందులో ఏది ఇంకా అవసరం?" అని అడగండి. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరూ ఉంటుంది. మనవళ్ల చేత చదివించి ఒక కాగితం మీద రాయించండి. అదే పేరు రెండుసార్లు వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

సంఘానికి ఒక విన్నపం. ఏటా కలుసుకునే రోజున ఒక గంట 'మాత్రల సంచి' కోసం కేటాయిద్దాం. మనలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు. ముందుగా మన గురువుల సంచులు చూద్దాం. వాళ్లు మన తప్పులు దిద్దిన చేతులవి. ఆ చేతులు తమ ముద్ద తామే కలుపుకుని తినేలా చూడటం మన వంతు.

మా అమ్మ డబ్బా నేను ఆలస్యంగా తెరిచాను. మీరు ఇవాళ ఇంటికి వెళ్లగానే తెరవండి.