వేరుశనగ నుంచి స్టార్ వార్స్ దాకా: అమెరికాను మన తండా నుంచి చూద్దాం
(ప్రసంగ పాఠం)

 

అమెరికా సంస్కృతి అనగానే మనకు జీన్స్ ప్యాంటు, హాలీవుడ్ సినిమా, ఫోన్‌లో పాట గుర్తొస్తాయి. మన దగ్గర అమెరికా గురించిన చదువు కొత్తది కాదు. 1964లోనే హైదరాబాద్ ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. అయితే ఆ దేశాన్ని దాని సరిహద్దుల లోపలే పెట్టి చదివితే చాలదని తర్వాత పండితులు గ్రహించారు. అక్కడికి ఏం వచ్చింది? అక్కడి నుంచి ఏం వెళ్లింది? మధ్యలో ఎవరు నష్టపోయారు? ఈ మూడు ప్రశ్నలూ మన ఊళ్ల నుంచే అడుగుదాం.

మన చేలల్లో పండే వేరుశనగకు పుట్టిల్లు దక్షిణ అమెరికా. హిందూపురం మార్కెట్ యార్డులో రాశులు పోసే మిరప మెక్సికో వైపుది. పోర్చుగీసు ఓడల మీద మన దేశం చేరింది. రెండింటినీ మొదట సాగుచేసింది అక్కడి ఆదివాసులే. లదేణిలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన మన తాతల బిడ్డలకు, సరుకుతో పాటు సంస్కృతి కూడా నడుస్తుందని వేరే చెప్పాలా?

పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కొరియా కంపెనీ. కదిలే లైన్ మీద కారు బిగించే పద్ధతిని 1913లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తెచ్చింది. ధర్మవరం మగ్గం మీది జకార్డు ఫ్రాన్స్‌లో పుట్టింది. వాటితో పనిచేసే చేతులు మాత్రం ఇక్కడివి. పరాయిది రావడం తప్పు కాదు. మనది పోవడమే నష్టం.

ఆ నష్టం అమెరికా ఆదివాసులకు బాగా తెలుసు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి తెరిచి, వాళ్ల పిల్లలను ఇళ్లకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడకూడదన్నారు. ఇక్కడ బ్రిటిష్ వాళ్ల 1871 నాటి చట్టం ఎన్నో సంచార జాతులకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర వల్ల పుట్టిన సిగ్గు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

మా సంగతే చెబుతాం. హిందూపురంలో చదువుకునే రోజుల్లో బస్టాండులో యాడి గోర్ బోలిలో పిలిస్తే, మేము తెలుగులో జవాబిచ్చేవాళ్లం. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మా నోరు మేమే కట్టేసుకున్నాం. యాడి ముఖం చిన్నబోవడం ఇప్పటికీ గుర్తుంది.

నవాహో జాతి కథ వినండి. బడుల్లో నోరు నొక్కిన ఆ భాషే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి రహస్య సంకేతమైంది. 1942లో 29 మంది నవాహో యువకులు ఆ పని మొదలుపెట్టారు. ఆ సంకేతాన్ని జపాన్ సైన్యం ఛేదించలేకపోయింది. 2013లో స్టార్ వార్స్ సినిమాను నవాహోలోకి డబ్బింగ్ చేశారు. హాలీవుడ్ వాళ్ల భాషను మింగలేదు. వాళ్లే హాలీవుడ్‌తో తమ భాష పలికించారు.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. అయినా మీ చేతిలో ఫోన్ ఉంది. తీజ్ పాటలు, పెళ్లి పాటలు తెలిసిన అవ్వలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ వారం ఇంటికి వెళ్లగానే ఒక్క పాట రికార్డు చేయండి, తెలుగు లిపిలో రాయండి. అమెరికా గురించి ఎంతైనా చదవండి, వీలైతే వెళ్లండి. బస్టాండులో యాడి పిలిస్తే మాత్రం ఆమె భాషలోనే పలకండి.

జై సేవాలాల్.