కాలువ గట్టున సైకిలు

పటమటలో కాపురముండు వారిని మేలుకొలుపునది కోడికూత కాదు, బందరు రోడ్డు మీది మోటారు కూత. ఆ రోడ్డుననే ముప్పదియైదేండ్లు సైకిలు త్రొక్కి పాఠశాలకు పోయి వచ్చితిని. సైకిలునకు ‘ద్విచక్రి’ యని పేరుపెట్టి పిల్లలచేత పలికింప జూచితిని. వారు నవ్విరి, నేనును మానితిని. లోకము సైకిలన్నది గనుక సైకిలే సాధు శబ్దము.

ఉద్యోగము విరమించిన సంవత్సరముననే ఒక ఆటో వెనుకనుండి తాకగా పడితిని. మోచేయి విరిగినది. ఆ సాయంకాలమే మా యింటామె సైకిలును మేడమెట్ల క్రింద చేర్చి, గొలుసువేసి, తాళపుచెవి కొంగున ముడివేసికొన్నది. “ఇన్నాళ్లూ బడికోసం తొక్కారు, ఊరుకున్నాను. ఇప్పుడెవరికోసమండీ?” అని యడిగినది. ఎన్నో శాస్త్రార్థములు చేసినవాడనే గాని, ఆ ప్రశ్నకు నాకు సమాధానము దొరకలేదు.

ఆరు మాసములు గడచిన పిమ్మట నా పూర్వశిష్యుడొకడు నన్ను చూడవచ్చెను. అతడు కాలువల శాఖలో లస్కరు. లస్కరనగా గట్టుల వెంబడి తిరుగుచు, గండి పడకుండను, తూముల కడ నీరు దారి తప్పకుండను కనిపెట్టి యుండువాడు. “మాష్టారూ, నేను ఇరవై ఏళ్లుగా గట్టు మీదే తొక్కుతున్నాను. గేదెలు తప్ప నాకెవ్వరూ అడ్డం రాలేదు. రేపు తెల్లవారుజామున నాతో రండి” అన్నాడు. మా యింటామె లోపలినుండి వినుచుండెను. కొంతసేపటికి తాళపుచెవి తెచ్చి యిచ్చినది. కాని యొక నియమము విధించినది. బందరు రోడ్డు దాటునపుడు సైకిలు దిగి నడిపించుకొని పోవలెను. నేటికిని ఆ నియమమును తప్పలేదు.

మరునాటి ఉదయము యనమలకుదురు లాకుల మీదుగా మేమిరువురము పోతిమి. ఊరి పొలిమేర దాటువరకు ఆ దారి చూడదగినది కాదు. గట్టు పొడుగున చెత్తకుప్పలు, నీటిలో గుర్రపుడెక్క, నిలువ నీడలేని వారు వేసికొన్న గుడిసెలు. ఆ పేదలను నేను నిందింపను. పట్టణము చోటీయనిచో కాలువ గట్టే చోటిచ్చినది. ఇండ్లు సన్నగిల్లిన తరువాత గాలి మారినది. ఒక గట్టున తారుబాట, రెండవ గట్టున ఎర్రని గ్రావెలు పరచిన సన్నని దారి. మేము రెండవ గట్టు పట్టితిమి. చక్రముల క్రింద కంకర నలుగు చప్పుడు తప్ప మరి చప్పుడు లేదు. లకుముకి పిట్ట నీటిలో మునిగి లేచిన సవ్వడి స్పష్టముగా వినబడెను. బందరు రోడ్డున నేను ముప్పదియైదేండ్లు వినలేకపోయిన నా సైకిలు గొలుసు చప్పుడు కూడ నాడే మొదట వింటిని.

ఈ కాలువల పుట్టుక మీకు తెలిసినదే. ఆర్థరు కాటన్ దొర పూనికపై బెజవాడ కడ కృష్ణకు కట్టిన ఆనకట్ట 1855లో పూర్తియైనది. అది 1952లో గండిపడగా, 1954 మొదలు 1957 వరకు ఇప్పటి ప్రకాశము బ్యారేజిని నిర్మించిరి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ మన పట్టణమును చీల్చుకొని పోవుచున్నవి. డెల్టా భూములయందొక విశేషము గలదు. నది వరద తెచ్చిన ఒండ్రు దరినే యెక్కువగా దిగును గావున నదికి చేరువ నేల మెరకగా నుండి, దూరము పోయినకొలది పల్లమగును. పెద్ద కాలువలను ఆ మెరకల మీదుగా నడిపినచో నీరు తనంతట తానే పొలములకు దిగును. గట్టు మీద పోవువానికి పైరు కంటికి క్రిందుగా, పరచిన చాపవలె కనబడుటకు కారణ మిదియే.

కాలువ పేరునకే గాని వాలి యుండదు. వాలు నంతయు కూడబెట్టి లాకుల కడ నొక్కమారు దింపుదురు. ఆ కాలపు కాలువలు సేద్యమునకే కాక పడవలకును ఉపయోగపడెను. లాకు తలుపులు మూసి, నీటిమట్టమును పెంచియు తగ్గించియు, పడవను మెట్టెక్కించి మెట్టు దింపెడివారు. తెరచాపకు గాలి చాలనపుడు మనుష్యులే గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. రైళ్లు, లారీలు వచ్చినవి; పడవలు పోయినవి; గట్టు మిగిలినది. సైకిలు త్రొక్కువానికి మైళ్లకొలది ఎత్తుపల్లములు లేని దారి దొరకినదన్నచో, అది నాడు భుజమున త్రాడు వేసికొని పడవ లాగిన వారు నడచిన దారియే.

ఇట్టి దారులు మనకే కాదు, ఫ్రాన్సు దేశమునను గలవు. బ్రెటాన్ సీమలో నాంట్ నగరమునుండి బ్రెస్ట్ రేవువరకు, నదీలోయలను కలుపుచు, 364 కిలోమీటర్ల కాలువ నొకదానిని త్రవ్వి 1842లో ముగించిరి. అచ్చటను సరకుల పడవలు అంతరించినవి. గుర్రములును మనుష్యులును పడవలు లాగిన గట్టుదారిని మాత్రము వారు పాడుపెట్టలేదు. కంకర పరచి, మోటారులను రానీయక, నడచువారికిని సైకిలువారికిని విడిచిరి. ఇట్టి దారులకై పాశ్చాత్యులు ఇటీవల ‘గ్రావెల్ సైకిలు’ అను నొక జాతిని కల్పించిరి. దాని టైరు నలువది మిల్లీమీటర్ల వెడల్పునకు అటునిటుగా నుండును. మన పాలవాని పాత సైకిలునకు టైరు ఒకటిన్నర అంగుళము, అనగా ముప్పదియెనిమిది మిల్లీమీటర్లు! వారు క్రొత్తగా కనుగొన్నదానిపై మనవాడు ఏనాటినుండియో పాలబిందెలు వ్రేలాడదీసి త్రొక్కుచునే యున్నాడు. గాలి మాత్రము రాయివలె బిగించి కొట్టింపరాదు. కొంచెము మెత్తగా నున్నచో కంకరపై చక్రము జారదు, ఎముకలు కదలవు.

ఇంతవరకు చెప్పినది నా సంతోషము. ఇక నన్ను కలతపెట్టిన మాట చెప్పెదను. ఒకనాడు గట్టు ప్రక్క గ్రామమున రచ్చబండ కడ ఆగితిని. గట్టుదారికి తారు వేయించుటకు అర్జీ వ్రాయుచుండిరి. నేను ఉండబట్టలేక, “ఈ దారి నిట్లే యుంచుడు, మోటారులు వచ్చిన దీని ప్రశాంతి పోవును” అంటిని. ఒక పెద్ద రైతు నావైపు తిరిగి, “పంతులుగారూ, మీకిది షికారు, మాకిది బతుకు. వానొస్తే ధాన్యం లారీ రాదు. కిందటేడు మా కోడలికి నొప్పులొస్తే 108 బండి లాకుల దగ్గరే ఆగిపోయింది. మంచం మీద మోసుకెళ్లాం” అన్నాడు. నేను తలవంచుకొని వచ్చితిని. పదిదినములు సైకిలు ముట్టలేదు.

తరువాత నాకు తోచినది సామాన్యమైన మాటయే. కాలువకు గట్టు లొకటి కాదు, రెండు. ఒక గట్టున తారు వేసి లారీని, వైద్యుని బండిని పోనిండు. అది వారి హక్కు. రెండవ గట్టును గ్రావెలుతో నుంచి, మోటారు చొరకుండ మొదట చివర రాతిస్తంభములు పాతి, బడిపిల్లలకు, నడచువారికి, పశువులకు, నావంటి ముసలివారికి విడువుడు. లస్కరు తిరుగుటకును అది కావలయును. రెండు గట్టులను తారుబాటలు చేసినచో, పిట్టగోడ లేని సన్నని దారిన వాహనములు కాలువలో పడిన వార్తలు పత్రికలలో చదువుచునే యుందుము. మరునెల ఆ రైతు కడకే పోయి ఈ మాట చెప్పితిని. అతడు కొంత తడవూరకుండి, “అది సరే, మా మనవరాలు బడికి సైకిలు మీదే పోతుంది” అన్నాడు. అర్జీలో నొక వాక్యము చేర్చిరి. దానిని వ్రాసినది నేను. మొదటి సంతకము అతనిది.

శబ్దశాస్త్రము చదివినవాడను గాన ఒక్కమాట చెప్పి ముగించెదను. సంస్కృతమున సేతు శబ్దమునకు వంతెన యనియే కాక గట్టు అనియు అర్థము గలదు. అది ‘కట్టుట’ యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. మన తెలుగు ‘కట్ట’యు ‘కట్టు’ నుండియే పుట్టినది. 2024 సెప్టెంబరులో పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద బ్యారేజి దాటినపుడు, మనకును ఏటికిని నడుమ నిలిచినవి కరకట్టలే. కట్ట నీటిని కట్టునది. ఊరిని ఊరితో కట్టునది కూడ. దానిపై చెత్త పోయకుడు, మట్టి త్రవ్వకుడు.

మా యింటామె నాడడిగిన ప్రశ్నకు ఇపుడు సమాధానము దొరకినది. ఆదివారములయందు మా వీధి పిల్లలు నలుగురు నావెంట గట్టుకు వచ్చుచున్నారు. బందరు రోడ్డు కడ అయిదుగురమును దిగి, నడిపించుకొని దాటుచున్నాము.