ఏడు తరాల వెనక ఒక పేరు



అలెక్స్ హేలీ (1921–1992) గురించి రెండు మాటలు. మాల్కం ఎక్స్ ఆత్మకథ 1965లో వెలువడింది ఈయన కలంతోనే. చిన్నప్పుడు టెనెసీలోని హెన్నింగ్ ఊళ్లో, అమ్మమ్మగారి వసారాలో ముసలమ్మలు చెప్పుకున్న కబుర్లే 1976లో ‘రూట్స్’ అయ్యాయి. సహవాసిగారి తెలుగులో అదే ‘ఏడు తరాలు’.

అందులో కుంటా కింటే గాంబియాలోని జుఫూరే గ్రామపు ముస్లిం కుర్రాడు. 1767లో ఓడ ఎక్కించి అమెరికాలో అమ్మేశారు, టోబీ అని పేరు మార్చారు. ఆయన మాత్రం అసలు పేరు కూతురికి చెప్పాడు, ఆమె కొడుక్కి చెప్పింది.

ఇదంతా రుజువైన చరిత్ర కాదని పండితులు తప్పులు పట్టారు. వేరొకరి నవలలోని భాగాలు ఇందులో చేరాయని 1978లో హేలీయే ఒప్పుకున్నాడు. దాచడమెందుకు! అయినా పెద్దవాళ్ల మాట పట్టుకుని ఆఫ్రికా దాకా వెళ్లాడు చూడండి, అది మాకు నచ్చింది.

మనలో ఎంతమందికి ముత్తాత పేరు తెలుసు? అందుకే ఈ సంచిక చివర ఒక పేజీ ఖాళీగా వదిలాం. దాదీనీ నానీనీ అడిగి రాయండి. ఆడవాళ్ల పేర్లు కూడా రాయాలి సుమా.