కారుకు కొత్త చక్రాలు



ఆడవాళ్ల కార్యక్రమంలో కారు చక్రాల గొడవేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. మా ఇంట్లోనూ నవ్వారు. కానీ ఆ కారులో పిల్లల్ని ఎక్కించుకుని బడికీ, బజారుకీ నడుపుకుపోయేది ఈ రోజుల్లో చాలా ఇళ్లలో మనమే. నడపకపోయినా, అందులో కూర్చునేది మనమే కదా! అంచేత కాస్త ఓపిగ్గా వినండి.

మావాడు ఉద్యోగంలో చేరి, కూడబెట్టిన మొదటి జీతాలతో మా స్విఫ్టు కారుకు కొత్త చక్రాలు వేయించాడు. కంపెనీ ఇచ్చిన నల్లటి ఇనుప చక్రాలు పోయి తళతళలాడే అల్లాయ్ చక్రాలు వచ్చాయి. అల్లాయ్ అంటే మరేం లేదు, అల్యూమినియంలో ఇతర లోహాలు కలిపి పోతపోసినది. బండి పెళ్లికూతురిలా ఉందన్నారు ఇరుగుపొరుగువారు. ఆ ఆదివారమే హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాం. వేగం ఎనభై దాటిందంటే స్టీరింగు గజగజ వణుకుతోంది. "కొత్తవి కదమ్మా, సర్దుకుంటాయిలే" అన్నాడు. సూర్యాపేట దాటాక పంక్చరు పడింది. డిక్కీలో స్పేరు చక్రం ఉంది, జాకీ ఉంది. తీరా చూస్తే, కొత్త చక్రాలకు వేసిన నట్లు ఆ ఇనుప చక్రానికి బిగుసుకోవు! పాత నట్లేవిరా అంటే, షాపులోనే వదిలేశాడట. పక్కనుంచి లారీలు రయ్యిమని పోతుంటే, మండుటెండలో రెండు గంటలు రోడ్డుపక్కన నిలబడ్డాం, నేనూ, మా అమ్మాయీ, దాని చంటిపిల్లా. ఇంటికొచ్చాక ఊరుకోబుద్ధి పుట్టలేదు. తెలిసిన మెకానిక్కుల్ని అడిగి, కారుతో ఇచ్చిన పుస్తకం తిరగేసి నేర్చుకున్నవే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

గిన్నెకు మూత కొనేటప్పుడు గిన్నె పట్టుకెళ్లి చూసుకుంటామే, చక్రానికి మాత్రం మెరుపు చూసి డబ్బిచ్చేస్తాం. చూడవలసిన కొలతలు చాలా ఉన్నాయి. బోల్టు రంధ్రాలు మా బండికి నాలుగు. వాటి నడిమధ్యల గుండా ఒక వలయం గీస్తే దాని అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు. దీన్నే షాపువాళ్లు పి.సి.డి. అంటారు. ఇన్నోవాలాంటి పెద్ద బండికి బోల్టులు అయిదు, వలయం 114.3 మిల్లీమీటర్లు. "కొంచెం తేడా ఉన్నా బిగిస్తే కూర్చుంటుందండీ" అనే షాపువాడి గుమ్మం మళ్లీ తొక్కకండి.

మమ్మల్ని వణికించింది మాత్రం ఇంకో కొలత. చక్రం మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది చూశారూ, అది ఇరుసు కొసనున్న హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి. మా బండి హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే చక్రాలకు, రకరకాల బండ్లకు పనికిరావాలని, ఈ రంధ్రం పెద్దదిగా పెడతారు. మిగిలిన ఖాళీలో హబ్ రింగు అని ఒక ఉంగరం వేయాలి. అది లేకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. మెల్లగా పోతే తెలియదు, వేగం అందుకుంటే వణుకు మొదలవుతుంది. మూడుసార్లు బాలన్సింగు చేయించినా పోని ఆ వణుకు నాలుగు ఉంగరాలు వేయించాక పోయింది. అంత చిన్న వస్తువు!

చక్రం లోపలికి ఎంత కూర్చుంటుందో, బయటికి ఎంత పొడుచుకొస్తుందో చెప్పేదాన్ని ఆఫ్‌సెట్టు అంటారు. అంకెలు తెలియకపోయినా దీన్ని మనమే పరీక్షించవచ్చు. అయిదుగురూ బండెక్కి కూర్చుని, స్టీరింగు ఆ కొసకీ ఈ కొసకీ తిప్పించండి, ఒక గతుకు మీదుగా పోనివ్వండి. ఎక్కడైనా రాసుకున్న చప్పుడు వస్తే ఆ చక్రం మీకు వద్దు. కొందరు కుర్రాళ్లు సోకు కోసం మధ్యలో స్పేసర్లనే బిళ్లలు పెట్టించి చక్రాన్ని బయటికి తోయిస్తారు. బేరింగుల మీద భారం పెరుగుతుంది, దారినపోయేవాళ్ల మీద బురదా చిమ్ముతుంది. చక్రం ఎంత బరువు మోయగలదో వెనకవైపు పోతలోనే ఉంటుంది. ఆ అంకె లేని సరుకు ఎంత చవకైనా కొనవద్దు. పగిలినదాన్ని అతికించి రంగు వేసిన పాత సరుకు జోలికి అసలే పోవద్దు.

ఇక టైరు. మా బండికి మొదట వచ్చినది 165/80 ఆర్ 14. అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులు, లోపలి చక్రం 14 అంగుళాలు. కంపెనీవారే అదే మోడలులో ఖరీదైన రకానికి 185/65 ఆర్ 15 ఇచ్చారు. చక్రం ఒక అంగుళం పెరిగింది, గోడ ఆ మేరకు తగ్గింది. మొత్తం ఎత్తు లెక్కవేస్తే మొదటిది సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోది 621న్నర. తేడా లేనట్టే. షాపువాడు మావాడికి మొదట అంటగట్టబోయింది 205/60 ఆర్ 16. దాని ఎత్తు 652! అది వేస్తే మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 63 మీద పోతుంటుంది. ఎత్తు సరిపోయినా, రబ్బరు గోడ మరీ పలచనైతే వర్షాకాలంలో మన రోడ్ల గోతులకు చక్రపు అంచే సొట్టపోతుంది. టైరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండి తీరాలి, అది చట్టం.

చట్టం మాట వచ్చింది కనుక చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అన్నారు. పట్టుబడితే శిక్ష బండి యజమానికి. మా బండి రిజిస్ట్రేషను నా పేరునే ఉంది. ఈ ముక్క చెప్పాక మావాడు కాస్త తగ్గాడు లెండి! కంపెనీ తానే ఆ మోడలుకు ఇచ్చే సైజులో ఉంటే చిక్కుకు తావు తక్కువ. అంతకు మించి వేయించాలనుకుంటే ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి.

బీమా కంపెనీకి కూడా ఉత్తరం రాయండి. పాలసీలో విద్యుత్తుతో పనిలేని అదనపు సామాన్లకు ఒక గడి ఉంటుంది. చక్రాల ఖరీదు అందులో వేయించి, బిల్లు దాచుకోండి. చెప్పకుండా ఊరుకుంటే, రేపు ప్రమాదం జరిగినప్పుడు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దీని గురించే కావచ్చు.

బిగించేరోజు మీరూ వెళ్లండి. కుర్రవాడు గాలి గన్నుతో టకటకా బిగించేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. నట్లను ఒకదాని తర్వాత పక్కది కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. చివరి బిగింపు టార్క్ రెంచితో, కారు పుస్తకంలో రాసిన లెక్కకు రావాలి. ఎక్కువైతే బోల్టు తెగుతుంది, తక్కువైతే నట్టు ఊడుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకెళ్లి బిగువు చూపించండి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

పాత నట్లు అడిగి తెచ్చుకోండి. దొంగల భయానికి తాళం నట్లు వేయిస్తే వాటి తాళంచెవి కూడా బండిలోనే ఉండాలి. ఇంటి బీరువాలో దాచారంటే పంక్చరు పడ్డనాడు ఎందుకూ కొరగాదు. మా డిక్కీలో ఇప్పుడు ఒక గుడ్డసంచి ఉంది. నేనే కుట్టాను. దానిలో పదహారు పాత నట్లు వేసి, మూతి బిగించి, పైన 'స్పేరు చక్రానివి' అని రాసిపెట్టాను. నాలుగు చాలు కదమ్మా అని మావాడు నవ్వాడు, నవ్వనివ్వండి.